వెనక ఇరుసు పరుగు, ముందు ఇరుసు నడక

మా ఊరి నుంచి పొలాలకు వెళ్ళే డొంకదారిలో రెండో మలుపు దాటాక ఒక గుంట ఉంది. వానలకు నీళ్ళు నిలిస్తే గేదెలు దిగుతాయి, ఎండలకు నెర్రెలిచ్చి ఊరుకుంటుంది. దాని పేరేమిటని ఊళ్ళో ఎవరినడిగినా "సాంబడి గుంట" అంటారు. ఆ సాంబణ్ణి నేనే. పూర్తిపేరు సాంబశివరావు. మిగతావాళ్ళ పేర్లు బడికో, రోడ్డుకో పెడతారు. నాకు గుంట దక్కింది. అదీ ఊరికే రాలేదండీ. నా సొంత బండితో, నా సొంత తెలివితో, పట్టపగలు తవ్వి సంపాదించుకున్నాను. ఒక మనిషి ఒక్క పూటలో ఎంత భాగోతం చేయగలడో తెలుసుకోవాలనుంటే మీరు స్థిమితంగా కూర్చోండి. నాకు కూర్చోవడం చేతకాదు గనక నిలబడి చెబుతాను.

ఈ చేతకాకపోవడమే అసలు రోగం. అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూస్తాను. బస్సు కోసం స్టాపులో నిలబడలేక దానికి ఎదురు నడిచి, రెండు స్టాపుల మధ్య పొలాల్లో నిలబడి, అది నా ముందు నుంచే వెళ్ళిపోతుంటే చేతులూపిన రోజులున్నాయి. "నీ కాళ్ళ కింద ఎవరన్నా నిప్పులు పోశారా ఏంది?" అని మా ఆవిడ పద్మ పెళ్ళయిన వారానికే అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది, నేను ఇప్పటికీ జవాబు చెప్పేంతసేపు ఆగలేదు.

ఇలాంటి మనిషి చేతికి ఎలాంటి బండి రావాలి? నాకు వచ్చింది మాత్రం నాలుగు చక్రాలూ లాగే ఒక పాత డీజిల్ ట్రక్కు. చీమకుర్తి గ్రానైటు క్వారీలో ఏళ్ళ తరబడి డ్రమ్ములు, ఇనప సామాను మోసి అలిసిపోయినదాన్ని ముచ్చటపడి కొన్నాను. ఎన్నిసార్లు కడిగినా ఏదో ఒక సందులోంచి రాతిపొడి రాలుతూనే ఉండేది. మామూలు రోడ్డు మీద దానికి వెనక చక్రాలే తిరుగుతాయి. బురదలో దిగినప్పుడు గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివరు లాగితే ముందు చక్రాలు కూడా కలిసొస్తాయి. దాన్నే మేం ఫోర్ వీల్ అంటాం. మా నల్లరేగడి తడిస్తే చెప్పుల్నే వదలదు, ఇక బళ్ళ సంగతి మీరే ఊహించుకోండి. అలాంటి నేలలో నా ట్రక్కు ఏనుగులా నడిచిపోయేది. అయితే ఏనుగు ఎక్కడైనా ఏనుగే కదా. తారురోడ్డు ఎక్కినా అదే నడక. స్పీడు ముల్లు నలభై దగ్గరకొచ్చేసరికి ఇంజను గొంతు చించుకునేది. నలభై రెండయితే నా పళ్ళు కూడా టకటకలాడేవి.

మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకి బయల్దేరితే నన్ను దాటని బండి లేదు. లారీలు దాటేవి, స్కూలు బస్సులు దాటేవి, పెళ్ళివాళ్ళ వ్యాన్లు పాటలు పెట్టుకుని దాటేవి. ఒకరోజు కాయకోతకు వెళ్ళే ఆడవాళ్ళు పన్నెండుమంది కిక్కిరిసిన ఆటో కూడా దాటింది. దాని వెనక సీట్లో కాళ్ళు బయటకు పెట్టుకుని మా రత్తమ్మ పిన్ని కూర్చుని ఉంది. నాకు వరసకు పిన్ని. బాబాయి పోయాక రెండెకరాలు కౌలుకు తీసుకుని మా చేను పక్కనే మిరప వేస్తోంది. తన చేలో పని లేని రోజు పక్కూరికి కోతకు పోతుంది. ఆటో నా పక్కకు రాగానే పిన్ని ఆప్యాయంగా అరిచింది.

"సాంబా, నేను ముందు పోయి నువ్వొస్తన్నావని చెప్తాలే. అన్నం ఉంచమంటావా?"

ఆటో మొత్తం నవ్వింది. డ్రైవరు హారను కూడా కొట్టాడు. నాకు ఆ రోజంతా ఒంటిమీద మిరప్పొడి చల్లినట్టు ఉంది. మర్నాడు పొద్దున్నే చిలకలూరిపేటలో మస్తాన్ బాబాయి షెడ్డు ముందు తేలాను.

మస్తాన్ బాబాయికి అరవై దాటాయి. ఇంజను మీద చెవి పెట్టి లోపలి రోగం చెప్పే మనిషి. ఆయనకు ఒకే ఒక్క లోపం, తొందర లేకపోవడం. నా గోడు విని, బండి చుట్టూ ఒకసారి తిరిగి, నేల మీద కూర్చున్నాడు.

"ఇరుసులో రెండు పళ్ళ చక్రాలుంటయ్ అబ్బాయా. పెద్దది క్రౌను, చిన్నది పినియను. నీ బండిలో చిన్నదానికి ఎనిమిది పళ్ళు, పెద్దదానికి నలభై మూడు. అంటే ఇంజను నుంచి వచ్చే రాడ్డు అయిదుసార్లు పైన తిరిగితే గానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. అందుకే బలం ఎక్కువ, పరుగు తక్కువ."

"పరుగు కావాలంటే?"

"పదికి నలభై ఒకటి వేద్దాం. నాలుగు చుట్లకే చక్రం తిరుగుద్ది. యాభై దాకా హాయిగా పోద్ది. కాకపోతే లోడు లాగేప్పుడు కొంచెం ఏడుస్తది. ఆలోచించుకో. నీకు బలం కావాలా, పరుగు కావాలా?"

"రెండూ కావాలి బాబాయ్."

"రెండూ కావాలంటే రెండు బళ్ళు కొనుక్కో."

పరుగే కావాలన్నాను. ఆయన తన పాత సామాన్ల గుట్టలో గంటసేపు వెతికి, ఒక జత తీసి, డీజిలుతో కడిగి, సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని పళ్ళు లెక్కపెట్టాడు. ఒకసారి కాదండీ, మూడుసార్లు. నేను ఆ గంటలో అయిదు టీలు తాగాను.

"ఇది వెనక ఇరుసుకి. ముందు ఇరుసు చిన్నది, దానికి ఇది పట్టదు. అదే లెక్కలో దానికి సరిపడేది ఇంకోటి తెప్పించాలి. పదిరోజులు పట్టుద్ది. రెండూ ఒకేసారి వేద్దాం, అప్పుడు రా."

పదిరోజులు. మీకు ఆ మాట ఎలా వినిపించిందో తెలీదు గానీ, నాకు యావజ్జీవం అన్నట్టే వినిపించింది. పదిరోజులంటే ఎన్ని ఆటోలు, ఎన్ని స్కూలు బస్సులు.

"వెనకది ఇవ్వాళ వేసెయ్ బాబాయ్. ముందుది తర్వాత చూద్దాం. రోడ్డు మీద ముందు ఇరుసుతో పనే లేదుగా."

"రోడ్డు మీద లేదు. బురదలో ఫోర్ వీల్ వేస్తే? వెనక చక్రం అడుగుంబావు పోదామంటది, ముందు చక్రం అడుగే వేస్తానంటది. రెంటినీ ఒకే గేరు పెట్టె తిప్పాల. ఏదోకటి విరుగుద్ది."

ఇక్కడే నా విజ్ఞానం బయటపడింది. మా ఊళ్ళో ఎవణ్ణి లేపినా ట్రాక్టరు గురించి గంట మాట్లాడతాడు. నేను రెండు గంటలు మాట్లాడతాను. మా బావమరిది కోటేశ్వరరావు కొన్న కొత్త ట్రాక్టరు కూడా ఫోర్ వీలే. దాని కింద దూరి అన్నీ చూసినవాణ్ణి నేను.

"అదేంది బాబాయ్, మా కోటేశ్వరరావు ట్రాక్టరుకి ముందు చిన్న చక్రాలు, వెనక పెద్ద చక్రాలు. ముందు గేర్లు వేరు, వెనక గేర్లు వేరు. అది సుబ్బరంగా దున్నతంది కదా. దానికి లేని బాధ నా బండికెందుకు?"

మస్తాన్ బాబాయి చేతిలో పానా కింద పెట్టాడు.

"చక్రాలు వేరు గనక గేర్లు వేరు చేశారయ్యా. చిన్నది ఎక్కువ తిరగాలి, పెద్దది తక్కువ తిరగాలి, చివరకు రెండూ ఒకే దూరం పోవాలి. లెక్క కట్టి చేశారు. నీ నాలుగు చక్రాలూ ఒకటే సైజు."

ఇంత చక్కగా చెప్పాడు కదా. ఇందులో నా చెవికి చేరింది "గేర్లు వేరు చేశారయ్యా" అన్న ముక్క ఒక్కటే. మిగతాదంతా పెద్దవాళ్ళు అలవాటుగా చెప్పే జాగ్రత్త అనుకున్నాను. నేను షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక చివరకు ఆయనే లొంగాడు. పాత జత తీసి కొత్తది బిగించాడు. పళ్ళకు నీలం రంగు పూసి, తిప్పి చూసి, సందులో పల్చటి రేకు వాషర్లు మార్చి, మళ్ళీ రంగు పూసి, మళ్ళీ తిప్పి చూశాడు. రంగు సరిగ్గా పళ్ళ మధ్యలో అంటితే గానీ మూత బిగించనన్నాడు. "రంగుదేముంది బాబాయ్, లోపల ఎవరు చూస్తారు" అని నేనన్న మాట మీకు చెప్పకుండా ఉండాల్సింది.

చివరగా ఫోర్ వీల్ లివరుని ఇనప తీగతో సీటు కాలికి బిగించి కట్టాడు.

"ముందుది వచ్చాక నేనే విప్పుతా. ఈలోపు నువ్వు విప్పావా, నాకు ఫోన్ చేయొద్దు."

ఆ సాయంత్రం నేను యాభై అయిదులో ఇంటికొచ్చాను. చెట్లు వెనక్కి పోవడం నా సొంత బండిలోంచి చూడటం అదే మొదటిసారి. దారిలో ఆ ఆటో కనబడింది. దాన్ని దాటి, సరిపోక, ఆపి, అది నన్ను దాటేదాకా ఆగి, మళ్ళీ దాటాను. ఇంటి దగ్గర పద్మ బండి చప్పుడు గుర్తుపట్టలేక ఎవరో చుట్టాలొచ్చారనుకుని కుర్చీ బయట వేసింది.

పదో రోజున మస్తాన్ బాబాయి ఫోన్ చేశాడు. "ముందు ఇరుసు సామాను వచ్చింది. బండి తీసుకురా."

విచిత్రం చూడండి. పదిరోజులు ఆగలేనని కాళ్ళు కొట్టుకున్న వాణ్ణి, ఆ సామాను వచ్చాక మూడు వారాలు ఆగాను. రేపొస్తా, ఎల్లుండొస్తా, కోతలయ్యాక వస్తా అన్నాను. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే నేను మళ్ళీ బస్సుకి ఎదురు నడవాలి కదా. పైగా బండి బ్రహ్మాండంగా ఉరుకుతోంది. ముందు ఇరుసు సంగతి నేను దాదాపు మరిచిపోయాను.

రత్తమ్మ పిన్ని కాయలు అప్పటికి ఎండాయి. ఆ ఏడు ఆవిడ చేను మా చేనుకన్నా బాగా కాచింది. ఏరి, ఎండబెట్టి, తాలు తీసి, టిక్కీలకెత్తింది. టిక్కీ అంటే మా వైపు మిరపకాయలు తొక్కి నింపే గోనె బస్తా. నలభై టిక్కీలు డొంక చివర చేలోనే కళ్ళం మీద పేర్చి, పైన పట్టా కప్పింది. ఏడాది తిండి, కౌలు, వచ్చే ఏటి విత్తనం, అన్నీ ఆ పట్టా కిందే ఉన్నాయి. ఇంకో రెండు రోజుల్లో ఊళ్ళోకి తేవాలనుకుంటుండగా ఒక సాయంత్రం ఎవరూ పిలవని వాన ఒక జల్లు కొట్టి పోయింది. తెల్లారేసరికి డొంక నల్లగా మెరుస్తోంది, దక్షిణం వైపు మబ్బు ఇంకా దట్టంగా ఉంది. ఎండు కాయకు తడి తగిలిందంటే మెత్తబడి బూజు పడుతుంది, రంగు పోతుంది, ఇక యార్డులో ఎవరూ దాని వైపు చూడరు.

కోటేశ్వరరావు ట్రాక్టరు తీసి పిన్ని ఇంటిముందు పెట్టాడు. "ఎక్కత్తా, కాయలు తెచ్చేద్దాం."

అప్పుడే నేను యాభైలో వచ్చి బ్రేకు కొట్టాను. కొట్టకుండా ఉండాల్సింది.

"ట్రాక్టరెందుకు పిన్నీ, అది పోయొచ్చేసరికి మబ్బు మన నెత్తి మీదుంటది. నా ట్రక్కుకి రెండు ట్రిప్పులు. ముప్పావుగంటలో నీ నలభై టిక్కీలు మా రేకుల షెడ్డు కింద ఉంటయ్."

కోటేశ్వరరావు నాకంటే చిన్నవాడు, బావా అని పిలుస్తూనే మర్యాదగా వాతలు పెడతాడు. "బావా, నీ బండికి ముందు ఇరుసు పని అవలేదంటగా. పేటలో మస్తాన్ చెప్పాడు."

"నీ ట్రాక్టరుకి లేదా ముందొక గేరు, వెనకొక గేరు?" అన్నాను. వాడు నోరు తెరిచాడు. జవాబు వచ్చేలోపే నేను పిన్నిని కేబిన్లో ఎక్కించుకుని బయల్దేరిపోయాను. పిన్ని అద్దంలోంచి వెనక్కి చూసి, "వాణ్ణి కూడా రమ్మందునా సాంబా?" అంది. "వద్దులే పిన్నీ, పనిలేక వస్తానంటన్నాడు" అన్నాను. ఆవిడ నా మాట నమ్మింది. ఈ కథ మొత్తంలో నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదొక్కటే.

మొదటి మలుపు బాగానే దాటాం. రెండో మలుపు దాటగానే వెనక చక్రాలు జారడం మొదలుపెట్టాయి. మునుపైతే ఆ బురద నా బండికి లెక్కే కాదు, లివరు లాగితే చాలు. లివరు వంక చూశాను. తీగ నా వంక చూసింది. పిన్ని మబ్బు వంక చూసింది. ఉరుము వినబడింది. సీటు కింద పటకారు తీసి తీగ కత్తిరించాను.

"అదేంది?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ, మస్తాన్ బాబాయి ఊరికే అలంకారానికి కట్టాడు."

లివరు లాగాను. కింద ఎవరో రోట్లో గులకరాళ్ళు వేసి దంచినట్టు చప్పుడైంది. బండి ముందుకు ఒక గెంతు గెంతి ఆగింది. మళ్ళీ ఒక గెంతు. పిన్ని తల టాపుకి తగిలింది.

"ఏంది సాంబా, బండి కుంటతంది?"

"అలవాటు పడతంది పిన్నీ."

వెనక చక్రాలు పోదామంటున్నాయి, ముందు చక్రాలు వద్దంటున్నాయి. మస్తాన్ బాబాయి చెప్పిన అడుగుంబావు నాకు సీట్లోంచి నడుం దాకా అర్థమవుతోంది. అప్పుడైనా ఆగాలి కదా. ఆగడం వచ్చిన వాడైతే ఆగేవాడు. నేను యాక్సిలేటరు అడుక్కి తొక్కాను. వెనక చక్రాలు నేలను తవ్వి తవ్వి వెనక్కి చిమ్మాయి, ముందు చక్రాలు బ్రేకు వేసినట్టు బిగుసుకుని బురదను మొయ్యడం మొదలుపెట్టాయి.

కాసేపటికి పిన్ని కిటికీలోంచి తొంగిచూసి చాలా నెమ్మదిగా అడిగింది. "సాంబా, గట్టు పైకి లేస్తందా, మనం కిందికి పోతన్నామా?"

నేను ఆ ప్రశ్నకు జవాబు ఆలోచిస్తుండగా కింద ఫడేలుమంది. ముందు ఇరుసుకి పోయే రాడ్డు దగ్గర జాయింటు విరిగింది. ఇంజను ఆగింది. డొంకకు అడ్డంగా, ఇరుసుల దాకా దిగబడి, మేమిద్దరం కూర్చుని ఉన్నాం. ఇటు గట్టు, అటు కాలవ. పక్కనుంచి సైకిలు కూడా పోదు. పొలాలకు ఉన్న దారి అదొక్కటే.

సిగ్గు లేకుండా మస్తాన్ బాబాయికి ఫోన్ చేశాను. నేను ఏమీ చెప్పకముందే ఆయన అడిగాడు.

"తీగ ఉందా?"

"ఉంది బాబాయ్."

"యాడుంది?"

"సీటు కింద."

ఫోన్ పెట్టేశాడు.

వెనకనుంచి కోటేశ్వరరావు ట్రాక్టరు వచ్చి ఆగింది. వద్దన్నా వచ్చాడు. అతని వెనక ఊరు వచ్చింది. నవ్వుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా మబ్బు చూసి నవ్వడం మానేశారు. పిన్ని బురదలో నిలబడి, ఆ వంకనున్న తన కళ్ళం వైపు చూస్తోంది. నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ట్రాక్టరుతో వెనక్కి లాగుదాం" అన్నాన్నేను.

"ఈ బురదలో లాగబోయి ఇదీ దిగబడితే అత్త కాయలు హెలికాప్టరులో తేవాల బావా" అన్నాడు కోటేశ్వరరావు. ఇంటికి మనిషిని పంపాడు. "మన ఎడ్లను తోలుకు రమ్మను. గొలుసు కూడా తెమ్మను."

మా కోటేశ్వరరావుకి బండలాగుడు పందేల పిచ్చి. తిరనాళ్ళలో గ్రానైటు బండను ఎడ్లతో లాగించి, ఇన్ని నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయని కొలుస్తారు. వాడి ఒంగోలు ఎడ్లకు ఆ పందేల్లో మంచి పేరుంది. నేను వాటిని చూసినప్పుడల్లా "ఈ కాలంలో ఎడ్లేందిరా, నిదానం" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు అవి మెడలో గజ్జెలతో, ఏ తొందరా లేకుండా, నా ఏనుగు వైపు నడిచి వస్తున్నాయి.

ట్రాక్టరుని మొదటి మలుపు దాకా వెనక్కి తీసి, ఎడ్లను బండి వెనక కట్టారు. స్టీరింగు దగ్గర ఒక మనిషి కావాలి గనక నన్ను లోపల కూర్చోబెట్టారు. "న్యూట్రల్లో ఉంచు బావా. ఇంకేం చేయొద్దు. నీ చేతులు నాకు కనబడాలి" అన్నాడు కోటేశ్వరరావు.

ఎడ్లు కాలు తన్ని పెట్టి ఒక్క లాగు లాగాయి. బండి కదిలింది. అంతే, అలవాటు ఊరుకోదు కదా, గుంపులో ఎవరో ఫోనులో టైము పెట్టాడు, ఇంకెవరో అడుగులు కొలవడం మొదలుపెట్టాడు.

"మొదటి లాగుకి నాలుగు అడుగులు."

"బండ బరువెంతరా?"

"సాంబడితో కలిపా, సాంబడు లేకుండానా?"

"కలిపే రాయి. వాడు దిగితే రికార్డు తగ్గుద్ది."

నేను స్టీరింగు పట్టుకుని వెనక్కి పోతున్నాను. జీవితంలో అంత నెమ్మదిగా నేను ఎక్కడికీ ప్రయాణం చేయలేదు. ఒక్కో అడుగూ లెక్కపెడుతున్నారు, ఒక్కో అడుక్కీ పిన్ని మబ్బు చూసుకుంటోంది. నాకు దిగి ఎడ్లతో పాటు గొలుసు పట్టుకుని లాగాలనిపించింది. చేతులు కనబడాలన్నాడు గనక కదల్లేదు. పదిహేడు నిమిషాల్లో డొంక వెడల్పైన చోటికి, మొదటి మలుపు దాకా లాగి పక్కకు పెట్టాయి. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎడ్లకు.

ట్రాక్టరు ఆ ఖాళీలోంచి చక్కగా వెళ్ళింది, ముందొక గేరుతో, వెనకొక గేరుతో. నేను దాని వెనక బురదలో పరిగెత్తాను. టిక్కీలు నా భుజాన ఎత్తాను, ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కించాను, పద్మ కూడా వచ్చి తాళ్ళు కట్టింది. రెండో ట్రిప్పు ఊళ్ళోకి వచ్చేసరికి చినుకులు మొదలై, షెడ్డు కిందికి చేరేసరికి వాన దంచింది. ముప్పై ఎనిమిది టిక్కీలు పొడిగా ఉన్నాయి. కళ్ళం మీద అట్టడుగున ఉన్న రెంటికి మాత్రం అడుగు చెమ్మ ఎక్కింది. మేం ఆ డొంకలో కూర్చున్నంతసేపూ నేలలో తడి పైకి వస్తూనే ఉంది.

ఆ రెంటికీ బదులు మా కాయలు రెండు టిక్కీలిస్తానన్నాను. పిన్ని ఒప్పుకోలేదు.

"నీ కాయలు నాకెందుకు? నా కాయలే బాగుచెయ్యి. మీ దాబా మీద పరిచి, మళ్ళీ ఎండబెట్టి, నాకివ్వు. ఇంకెవరి చేతా చేయించకు, నువ్వే కూర్చో."

నన్ను కూర్చోమంది. ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టు వేయగలదు? వారం రోజులు దాబా మీద కూర్చున్నాను. ఎండు మిరపకాయ ఎంత తొందరపెట్టినా తొందరగా ఎండదు. గంటకోసారి తిరగెయ్యాలి, మబ్బు చూసుకోవాలి, కాకిని కూడా అనుమానించాలి. కాయ తిప్పినప్పుడల్లా తుమ్ములు. కింద రోడ్డు మీద ఆ ఆటో పోతూ హారను కొట్టేది. నేను తుమ్ముతోనే జవాబు చెప్పేవాణ్ణి. ఈలోపు మస్తాన్ బాబాయి మనసు మార్చుకుని, బండిని పేటకు లాగించుకుపోయి, విరిగిన జాయింటు మార్చి, వెనక ఇరుసులో నా పాత ఎనిమిది నలభై మూడు జతనే తిరిగి బిగించాడు. కొత్తవి రెండూ వెయ్యచ్చుగా అంటే, "నీకు పరుగు పడదు" అని ఒక్క మాట అన్నాడు. పళ్ళకు నీలం రంగు ఎన్నిసార్లు పూశాడో నేను అడగలేదు.

ఎనిమిదో రోజు పిన్ని దాబా ఎక్కింది. కాయ ఒకటి తీసి తొడిమ విరిచి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని గింజలు గలగలలాడించింది, బాగున్నాయంది. అప్పుడు ఒక పిడికెడు కాయలు నా కుడిచేతిలో పోసింది.

"నా కాయల మీద ఒట్టు పెట్టి చెప్పు, ఇంకెప్పుడూ ఇట్టా చెయ్యనని."

కింద వాకిట్లో కోటేశ్వరరావు, పద్మ తలలెత్తి చూస్తున్నారు. నేను లేచి నిలబడి, ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుని, గంభీరంగా మొదలుపెట్టాను. సాంబశివరావు అనే నేను ఈ జన్మలో ముందు ఇరుసుని వదిలేసి వెనక ఇరుసు ముట్టుకోను, ఒకరు కట్టిన తీగ ఇంకొకరి అవసరానికి విప్పను, ట్రాక్టరు కింద దూరి నేర్చుకున్న చదువు మస్తాన్ బాబాయికి చెప్పను, పిన్ని కాయలకు వచ్చిన బండిని వెనక్కి పంపను, ఎడ్లను నిదానమని అనను, ఏ పనికీ తొందరపడను అని ఊపిరి తీసుకోకుండా గబగబా చెప్పేసి, దిగిపోదామని మెట్లవైపు తిరిగాను.

పిన్ని నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగి కూర్చోబెట్టింది.

"మళ్ళీ చెప్పు నాయనా. ఈసారి పాత గేర్లో."